స్లో పెంచకు

పొద్దుట్నుంచి మా ఇంట్లో మాటల్లేవు. మా ఆయన అటు తిరిగి కూర్చున్నాడు, నేను ఇటు తిరిగి గిన్నెలు దబదబా పడేస్తున్నాను. ఎవరైనా వచ్చి ఏమైందని అడిగితే చెప్పుకోవడానికి కూడా సిగ్గే. ఒక స్క్రూ తిప్పినందుకు గొడవ. మా ఐసు బండి ఇంజను పక్కన ఉండే స్క్రూ, చిటికెన వేలంత కూడా ఉండదు.

బండ్ల సంగతి తెలియనివాళ్ళ కోసం కాస్త చెబుతాను. బండి స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ మీద కాలు వెయ్యకుండా వదిలేస్తే ఇంజను దాని మానాన అది నెమ్మదిగా తిరుగుతుంది. దాన్ని మేం స్లో అంటాం. బండి పాతబడ్డాక ఆ స్లోలో కుదురు పోతుంది. నిలబడ్డచోటే వణుకుతుంది, కొట్టాల్సిన దెబ్బ ఒకటి తప్పుతుంది, ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఆగకుండా ఉండటానికి డ్రైవర్లకి ఒక సులువు తెలుసు. ఆ స్క్రూ కాస్త బిగిస్తే స్లో పెరుగుతుంది, ఇంజను జోరుగా తిరుగుతుంది, వణుకు పోతుంది. పోవడమంటే కనపడదు, అంతే.

ఈ సులువుకి మా దీవిలో ఉన్న గిరాకీ ఇంకెక్కడా ఉండదనుకుంటాను. ఫెర్రీ వల్ల. మాది డాలీగంజ్. ఊళ్ళో ఐసు దిమ్మలు ఎక్కించుకుని, చాతం జెట్టీలో బండితో సహా ఫెర్రీ ఎక్కి, అవతల బంబూ ఫ్లాట్‌లో వేటకెళ్ళే మనవాళ్ళకి ఐసు వేసి, వాళ్ళ చేపలు ఎక్కించుకుని మళ్ళీ ఫెర్రీ మీద రావాలి. దిగేటప్పుడు ర్యాంపు మీద బండి ఆగిపోయిందా, అయిపోయామే. వెనక బస్సు, జీపులు, స్కూటర్లు అన్నీ నీళ్ళ మీదే ఉండిపోతాయి. ఎక్కాల్సినవాళ్ళు ఒడ్డున ఉండిపోతారు. మన వంశాన్నంతా హిందీలో, బెంగాలీలో, తమిళంలో వరసగా తలుచుకుంటారు. ఆ తిట్లు పడలేక ఫెర్రీ దాటే ప్రతి పాత బండికీ స్లో పెంచేసి పెట్టుకుంటారు మా డ్రైవర్లు.

మా బండికి తప్ప. మా బండికి స్లో పెంచొద్దన్నాడు మిస్త్రీ బాబాయ్. ఇవాళ పొద్దున మా ఆయన పెంచేశాడు.

బాబాయ్ పేరు రాయను. రాసినా ఎవరూ పోల్చుకోలేరు, పేరుతో ఆయన్ని పిలిచినవాళ్ళు లేరు గనక. గరాచర్మ వెళ్ళే దారిలో రేకుల షెడ్డు, దాని ముందు ఎప్పుడూ ఒక బండి, ఆ బండి కింద నుంచి బయటికొచ్చిన రెండు కాళ్ళు. ఆ కాళ్ళని అందరూ మిస్త్రీ అనేవారు. మావాళ్ళూ ఆయనవాళ్ళూ శ్రీకాకుళం ఒడ్డు నుంచి ఒకే ఓడలో వచ్చారట, ఆ లెక్కన నాకు బాబాయ్. చుట్టరికం అంతకుమించి లేదు. ఎప్పుడు పుట్టాడు, ఎక్కడ పని నేర్చుకున్నాడు అని నన్నడక్కండి. ఎవరైనా అడిగితే ఆయనే విసుక్కునేవాడు.

"ఇంజనుకి పుట్టినూరు కావాలేటి? బాగోనేదని తెచ్చావు, ఉంచీసి ఎల్లు."

బండి తెచ్చినవాణ్ణి నోరు విప్పనిచ్చేవాడు కాదు. "మిస్త్రీ, నాజిల్ పోయిందనుకుంటా" అని ఎవడైనా మొదలెట్టాడా, చెయ్యి అడ్డం పెట్టేసేవాడు. "ఏటైనాదో నువ్ సెప్పకు. ఎప్పుట్నించో సెప్పు." అంతే, ఇంకో ప్రశ్న లేదు. చెప్పులు కింద వదిలి, గుళ్ళోకెళ్ళినట్టు కుడికాలు ముందు పెట్టి క్యాబిన్‌లోకి ఎక్కేవాడు. పక్క దుకాణం నుంచి టీ వచ్చేది. స్టీలు గ్లాసులో నిండా ఉండాలి, అంచుకి వెలితి ఉంటే వెనక్కి పంపేవాడు. దాన్ని తాగేవాడా? లేదు. తీసుకెళ్ళి డ్యాష్‌బోర్డు మీద పెట్టేవాడు. ఇంజను స్టార్ట్ చేయించి, సీట్లో మఠం వేసుకుని కూర్చుని, టీ వంక చూస్తూ ఉండేవాడు.

అలా టీ వంక చూసే మనిషిని మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వాగలేదు. "బాబాయ్, అందులో సోది కనిపిస్తోందా?" అన్నాను. ఆయన తల తిప్పలేదు. "నవ్వొలే గుంటా, నవ్వు. నీ బండి కూడా ఒకనాడొస్తాది" అన్నాడు. నిజానికి అందులో మాయేమీ లేదు. ఇంజను కుదురుగా ఉంటే టీ మీద సన్నటి గీతలు గుండ్రంగా నిలబడి ఉంటాయి. ఏ సిలిండరైనా పని ఎగ్గొడుతుంటే గీతలు చెదిరి టీ ఒక పక్కకి ఎగురుతుంది. చెవి పొరపాటు పడొచ్చు గాని టీ పడదని ఆయన నమ్మకం. అంతా చూసుకుని, చల్లారి మీగడ కట్టాక తాగేవాడు. వేడి టీ తాగగా నేనెప్పుడూ చూడలేదు. ఒక్కసారి చూశాను. ఆ సంగతికి వస్తాను.

టీ పెట్టే ముందు ఇంకో పని ఉండేది. స్లో తగ్గించడం. పెంచి తెచ్చిన ప్రతి బండికీ మొట్టమొదట అదే. సిప్పీఘాట్ నుంచి కూరగాయలు తెచ్చే డ్రైవరొకడు ఒకసారి బండి తెచ్చాడు. స్లో ఎంత పెంచుకున్నాడంటే బండి నిలబడి ఉన్నా పరిగెడుతున్నట్టే ఉంది. "గాడీ అంతా ఠీకే మిస్త్రీ, ఎత్తు ఎక్కేటప్పుడు దమ్ లేదు, బస్" అంటున్నాడు. బాబాయ్ స్క్రూడ్రైవరు పెట్టి తిప్పడం మొదలెట్టాడు. ఇంజను గొంతు దిగింది. ఇంకా తిప్పాడు. బండి మొత్తం గజగజా వణికింది, అద్దాలు టకటకలాడాయి, డ్రైవరు మొహం పాలిపోయింది.

"అరె మిస్త్రీ, బంద్ హో జాయేగా!"

"హోనే దో" అన్నాడు బాబాయ్. ఆగిపోతే ఆగిపోనీ. మళ్ళీ నా వైపు తిరిగి, "సూశావా, పాపం, ఎంత బాధ దిగమింగుకుని తిరుగుతందో! ఈడు దాని నోరు నొక్కీసి ఠీక్ హై అంటన్నాడు" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహంలో నిజంగానే బాధ కనిపించింది. ఇనుము కోసం అంత బాధపడే మనిషిని నేను మరొకర్ని ఎరగను.

తర్వాత పదిహేడు నంబరు స్పానరు తీసేవాడు. ఇంజను ఆడుతుండగానే, ఒక్కో సిలిండరులోకి డీజిలు చిమ్మే నాజిల్‌కి వెళ్ళే గొట్టం నట్టు కాస్త వదులు చేసేవాడు. ఏ సిలిండరుకి డీజిలు ఆపితే అది చచ్చిపోతుంది కదా, బండి ఇంకా ఎక్కువ వణకాలి. వణికిందంటే ఆ సిలిండరు అంతదాకా పనిచేస్తున్నట్టు. బిగించేసి, రెండోది. ఏ నట్టు వదులు చేసినా బండికి చీమ కుట్టినట్టు కూడా ఉండదో, దొంగ అక్కడ ఉన్నట్టు. "పనోడు సెలవెడితే ఇంట్లో తెలియాలా? తెలియనేదంటే ఆడు ముందునుంచీ పన్చెయ్యట్లేదనే" అనేవాడు. ఆ నట్లు విప్పి చూడటం మా దీవిలో ప్రతి మెకానిక్కూ చేస్తాడు. ఆయన గొప్పేమీ కాదు. స్లో తగ్గించి, బండిని పూర్తిగా వణకనిచ్చి, ఆ వణుకు ముందు అంతసేపు ఊరికే కూర్చోవడమే ఆయనది. మిగతావాళ్ళకి అంత ఓపిక లేదు. వణుకు చూస్తూ కూర్చోవడం ఎవరికైనా కష్టమే మరి.

ఆ స్క్రూ ఎక్కడుందో నాకు చూపించింది కూడా ఆయనే. మా ఆయన మీద నమ్మకం లేక. "మీ ఆయన సేతికి స్క్రూడ్రైవరు అందితే స్లో పెంచీస్తాడు. నువ్ కనిపెట్టుకుని ఉండు, పెంచితే ఇలగ తిప్పి తగ్గించీ" అని నా చేతిలో స్క్రూడ్రైవరు పెట్టి, ఎంత తిప్పితే ఎంత దిగుతుందో నేర్పాడు. అప్పట్నుంచి మా ఇంట్లో ఇదొక దొంగాట. మా ఆయన పెంచేవాడు, నేను తగ్గించేదాన్ని.

ఇక ఆ వేడి టీ సంగతి. బండికి బ్రేకులు పట్టించడానికి వెళ్ళాం. పనైపోయింది. అప్పుడే వచ్చిన టీ గ్లాసు బాబాయ్ డ్యాష్‌బోర్డు మీంచి తీసి చేతిలో పట్టుకున్నాడు, ఏదో చెబుతున్నాడు. ఇంజను ఆపేసి ఉంది. ఊరికే, అలవాటు కొద్దీ, నా చూపు టీ మీదకి పోయింది. టీ వణుకుతోంది. గీతలు చెదిరి, ఒక పక్కకి ఎగురుతోంది. తలెత్తి చూశాను. నేను చూశానని ఆయన చూశాడు. వెంటనే గ్లాసు ఎత్తి, పొగలు కక్కుతున్న టీ గటగటా తాగేశాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఏటలా సూస్తావు? దాహమేసింది" అని పెద్దగా నవ్వి, ఈల వేసుకుంటూ షెడ్డులోకి నడిచాడు. ఆ నడక కూడా జోరుగా ఉంది, మామూలు కంటే జోరుగా.

మర్నాడే వాళ్ళింటికి వెళ్ళి పిన్నిని పట్టుకున్నాను. పిన్ని అంటే బాబాయ్ భార్య, మాట మెత్తన, ఆయన మాట దాటని మనిషి. మొదట ఏమీ లేదంది. గట్టిగా అడిగితే ఏడ్చేసింది. చాలాకాలంగా కడుపులో నొప్పట. మందుల షాపులో బిళ్ళలు కొనుక్కుని మింగుతున్నాడట. పొద్దున్నే గోడ పట్టుకుని లేచేవాడట, గుమ్మం దాటేసరికి ఈల వేసేవాడట. "నీకు సెప్పొద్దన్నాడమ్మా. నీ నోరు ఊరుకోదన్నాడు."

ఊరుకోలేదు. ఎందుకు ఊరుకుంటాను? తిన్నగా షెడ్డుకెళ్ళాను. బండి కింద నుంచి కాళ్ళు కనిపిస్తున్నాయి. ఆ కాళ్ళతోనే మాట్లాడాను.

"బాబాయ్, బయటికి రా."

"ఏటొలే, బండి మళ్ళీ ఆగిపోనాదా?"

"బండికేం, బాగానే ఉంది. నువ్వే స్లో పెంచుకుని తిరుగుతున్నావు. సిగ్గులేదూ? ఊరందర్నీ తిడతావు, నోరు నొక్కేశారంటావు, నువ్వు చేసిందేమిటి?"

కాళ్ళు కదల్లేదు. ఇనుము కోసం కళ్ళనీళ్ళు పెట్టుకునే మనిషి తన ఒంటి కోసం ఏమంటాడా అని నిలబడ్డాను. చివరికి బండి కింద నుంచే అన్నాడు.

"తగ్గిస్తే ఆగిపోతానేమో అని బయ్యమేసిందొలే."

నా కోపమంతా ఎటు పోయిందో. అక్కడే బురదలో చతికిలపడి ఆయన పాదం పట్టుకున్నాను. "ముందు చూపించుకో బాబాయ్, నీ కాళ్ళు పట్టుకుంటాను" అన్నాను. "పట్టుకునే ఉన్నావు కదే" అన్నాడు. ఇద్దరం నవ్వాం. ఏం నవ్వో అది.

ఊళ్ళో డాక్టరు చూసి, ఇక్కడ కాదు, మెయిన్‌ల్యాండ్ తీసుకెళ్ళండి అని రాసిచ్చాడు. దీవిలో పుట్టిన ప్రతివాళ్ళకీ ఆ మాట తెలుసు. రోగం పేరు ఇక్కడ చెబుతారు, మందు సముద్రం అవతల ఉంటుంది. బండ్ల విషయంలోనూ ఇదే కదా బతుకంతా. ఏది పోయిందో బాబాయ్ టీ చల్లారేలోపు చెప్పేసేవాడు, ఆ పోయినది చెన్నై నుంచి ఓడలో రావాలి. తుఫానంటే ఓడ లేదు. ఓడ వచ్చినా అందులో మనది లేదు. అలా ఎదురుచూసే డ్రైవర్లని ఆయన ఓదార్చడం ఎన్నిసార్లు చూశానో. "తెలిసింది కదరా, సగం పనైపోయినట్టే" అనేవాడు. డాక్టరు చీటీ చేతిలో పట్టుకుని నాతో కూడా అదే అన్నాడు. ఈసారి ఓదార్పు ఎవరికో నాకు అర్థం కాలేదు.

విమానం వద్దన్నాడు. ఎంతమంది చెప్పినా ఎక్కనంటే ఎక్కనన్నాడు. "దాని ఇంజను రెక్క కింద ఉంటాది. ఎలాగున్నాదో నానెలా సూడాల?" ఓడ అయితే మెట్లు దిగి ఇంజను గది పక్కన నిలబడొచ్చట. సరే, ఓడ. హ్యాడో జెట్టీకి ఆటోలో వెళ్దామంటే అదీ వద్దు, మా బండే కావాలి. మా ఆయన నడుపుతున్నాడు, మధ్యలో పిన్ని, ఈ చివర బాబాయ్, వెనక ఐసు పెట్టే చోట సామాన్లతో నేను. జెట్టీ గేటు దగ్గర బండి నిలిచింది, నేను దిగి ముందు తలుపు దగ్గరికి వచ్చాను. స్లోలో ఉంది. ఎప్పుడూ లేనిది, సన్నగా వణికింది. దిగబోతున్న బాబాయ్ ఆగిపోయాడు. అరచెయ్యి డ్యాష్‌బోర్డు మీద పెట్టాడు.

"ఇదేటి, మూలుగుతంది?"

"ఓడ టైమైపోతోంది బాబాయ్" అన్నాడు మా ఆయన.

"ఉండరా, ఇననీ."

విననివ్వలేదు. గేటు దగ్గర జనం తోసుకుంటున్నారు, మైకులో పిలుస్తున్నారు. పిన్ని చెయ్యి పట్టుకుని దింపింది. లోపలికెళ్తూ కూడా రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. నన్నేమో అనుకుని చెయ్యి ఊపాను. బండిని చూస్తున్నాడు.

ఆయన వెళ్ళాక ఆ వణుకు రోజురోజుకీ పెరిగింది. ఎత్తు దగ్గర బండి దమ్ము తీసుకోవడం లేదు. ర్యాంపు మీద ఆగడం మొదలైంది. ఇంకో మెకానిక్కుకి చూపిద్దామంటాడు మా ఆయన. బాబాయ్‌ని అడక్కుండా వద్దంటాను నేను. అడగాలంటే ఆసుపత్రిలో ఉన్న మనిషిని బండి గురించి విసిగించడమేమిటని మళ్ళీ నాకే మనసొప్పదు. ఒకరోజు పిన్నే వీడియో కాల్ చేసింది. "అడుగుతున్నాడమ్మా, బండి ఎలాగున్నాదని. నాలుగు రోజుల్నుంచీ అదే మాట."

ఫోనులో బాబాయ్ మొహం కనిపించింది. తల మీద ఉన్ని టోపీ, టోపీ కింద కళ్ళు తప్ప ఏమీ మిగల్లేదు. ఆ కళ్ళు మాత్రం బండి కింద నుంచి చూసే కళ్ళే.

"ఇంజను కాడికి ఫోనెట్టు" అన్నాడు. మా ఆయన మూత తీశాడు, నేను ఫోను పెట్టాను. "ఊ, స్టార్ట్ సెయ్యమను."

"చేశాడు బాబాయ్. ఊగిపోతోంది."

"ఏదీ, నాకేటీ ఇనబడట్నేదు. నీ గొంతొక్కటే ఇనబడతంది."

ఇంకా దగ్గరగా పెట్టాను. నా చెవులు చిల్లులు పడుతున్నాయి. అటుపక్క ఆయన కళ్ళు చిట్లించి, ఫోను చెవికి నొక్కుకుని, మళ్ళీ తీసి చూసి, మళ్ళీ నొక్కుకుంటున్నాడు. తర్వాత పిన్ని వైపు తిరిగి, భయపడ్డ పిల్లాడిలా అడిగాడు. "నా సెవులు కూడా పోనాయేటే?"

"లేదండీ, నాకూ వినబళ్ళేదు" అంది పిన్ని.

ఆ తర్వాత ఎవరో చెప్పారు, ఫోన్లు ఇప్పుడలాగే చేస్తారట. మనిషి గొంతు ఉంచి, మిగతా హోరంతా వడకట్టి పారేస్తాయట. మనకి బాగా వినపడటం కోసమట! ఆయనకి కావాల్సిందే ఆ హోరు. నా గొంతు ఏం చేసుకుంటాడు? ఆ రోజు మాకు అదేమీ తెలియదు. అటు ఆయన, ఇటు నేను, మధ్యలో వణుకుతున్న బండి. అరిచాను, ఫోను కొట్టాను, ఏడుపొచ్చేసింది.

"ఏడవకొలే" అన్నాడు. కాసేపు కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ తెరిచి, "టీ ఎట్టు" అన్నాడు.

ఎందుకు తోచలేదో నాకు! పరిగెత్తి టీ కాచి, స్టీలు గ్లాసులో అంచుదాకా పోసి, డ్యాష్‌బోర్డు మీద పెట్టి, ఫోను దాని మీదకి వంచి పట్టుకున్నాను. ఆయన మొహం తేటపడింది. మా ఆయన పదిహేడు నంబరు స్పానరు పట్టాడు. మొదటి నట్టు వదులు చేశాడు. టీ ఎగిరి గ్లాసు పక్కనుంచి కారింది. "ఉన్నాది. బిగించు" అన్నాడు బాబాయ్. రెండోది. మళ్ళీ ఎగిరింది. "ఉన్నాది." మూడోది వదులు చేశాడు. టీలో ఏ మార్పూ లేదు. అప్పటిదాకా ఎలా వణుకుతోందో అలాగే వణుకుతోంది. నాలుగోది తిప్పితే మళ్ళీ చిందింది.

"మూడు" అన్నాడు. ఆ అనడంలో సంతోషం చూడాలి! ఆసుపత్రి మంచం మీంచి లేచి కూర్చున్నాడు. పిన్ని వద్దు వద్దంటున్నా వినలేదు. "మూడోదొలే! నాననుకున్నాను జెట్టీ కాడే. అయితే అది నాజిలా, లోపల వాల్వా, సెయ్యెడితేగాని సెప్పనేను. ఎవుళ్ళూ ముట్టుకోకండి. నానొచ్చి ఇప్పుతాను."

"సరే బాబాయ్."

"అందాకా స్లో పెంచకు. పెంచీసి దాని నోరు నొక్కీస్తే నానొచ్చేతలికి అది నాకేటి సెప్తాది? మీ ఆయనకి స్క్రూడ్రైవరు ఇవ్వకు."

"ఇవ్వను."

"ఒట్టు?"

"ఒట్టు బాబాయ్."

తర్వాత కొన్నాళ్ళకే పోయాడు. అక్కడే దహనం చేసేశారు. మేమెవరం చూడలేదు. ఓడ దొరికి వెళ్ళేలోపు అన్నీ అయిపోతాయన్నారు, అయిపోయాయి. ఒంటరిగా ఓడలో ఎలా పంపుతామని పిన్నిని విమానం ఎక్కించారు ఆవిడ తమ్ముళ్ళు. ఆయన ఎక్కనన్న విమానంలో ఆయన్ని చిన్న కుండలో పట్టుకుని వచ్చింది. ఎయిర్‌పోర్టుకి మా బండే వెళ్ళింది. పిన్ని ఎక్కి కూర్చుంది. బండి వణుకుతోంది. ఒళ్ళో కుండ కూడా వణికింది. ఆవిడ రెండు చేతులూ దాని చుట్టూ వేసుకుంది.

ఆ పైన గరాచర్మలో ఒక కొత్త మెకానిక్కుకి చూపించాం. మంచివాడే. మూడో సిలిండరు నాజిల్ మార్చాడు. వణుకు తగ్గలేదు. "అయితే వాల్వు అయ్యుండాలి దీదీ, కాకపోనూ వచ్చు. తెరిస్తేగాని తెలీదు. తెరిస్తే సామాను చెన్నై నుంచి రావాలి, ఈ మోడల్‌కి వస్తుందో రాదో. మళ్ళీ మూయగలనని మాట ఇవ్వను" అన్నాడు. బండి ఆగితే ఐసు ఆగుతుంది, ఐసు ఆగితే అవతల వేటకెళ్ళినవాళ్ళ చేప కుళ్ళిపోతుంది, రెండోరోజు వాళ్ళు ఇంకో బండి చూసుకుంటారు. తెరవడానికి ధైర్యం చాల్లేదు. అలాగే తిప్పుతున్నాం. ర్యాంపు మీద ఆగినప్పుడల్లా తిట్లు తింటున్నాం. మా ఆయన పళ్ళు నూరుతున్నాడు. స్క్రూడ్రైవరు నా కొంగున ఉంటోంది. ఎన్నాళ్ళిలా అని ఆయన అడిగితే చూద్దాం అంటున్నాను. ఏం చూడాలో నాకే తెలియదు.

ఇవాళ పొద్దున బంబూ ఫ్లాట్ నుంచి చేపలతో తిరిగొస్తున్నాం. చాతంలో ఫెర్రీ ఆనింది. ర్యాంపు మీద, సరిగ్గా సగంలో, బండి ఆగిపోయింది. మా ఆయన తాళం తిప్పాడు, పట్టుకుని వదిలేసింది. మళ్ళీ తిప్పాడు. వెనక హారన్లు మొదలయ్యాయి. సరే, మామూలేగా అని నేను తిట్ల కోసం సిద్ధపడి కూర్చున్నాను. తిట్లు రాలేదు. ఒక మనిషి మా కిటికీ దగ్గరికొచ్చి రెండు చేతులూ జోడించాడు.

"భయ్యా, జల్దీ కరో. మేరీ బేటీ..."

వెనక జీపు. జీపులో ఒక అమ్మాయి, నిండు నెలలు, పక్కనున్న ఆవిడ భుజం కరిచిపట్టుకుని ఉంది. అరవడం లేదు. అరిచినా బాగుండేది.

మా ఆయన నా వైపు చెయ్యి చాపాడు. ఏమిటన్నది చెప్పక్కర్లేదు. నేను కొంగు గట్టిగా పట్టుకున్నాను. ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. కొట్టడానికో లాక్కోవడానికో కాదు, ఊరికే పట్టుకున్నాడు.

"ఆయన రాడే" అన్నాడు.

మెల్లగా అన్నాడు. ఇన్నాళ్ళలో ఎవరూ నాతో ఆ మాట అనలేదు. నా వేళ్ళు వాటంతట అవే వదులయ్యాయి. మా ఆయన మూత తీసి, స్క్రూ తిప్పి, తాళం తిప్పాడు. బండి గొంతెత్తి అరిచింది, ర్యాంపు ఎక్కింది. జీపు మమ్మల్ని దాటుకుని ఆసుపత్రి వైపు వెళ్ళిపోయింది. బండి ఇంటిదాకా కొత్త బండిలా వచ్చింది. వణుకన్నది లేదు. అద్దాలు నిశ్శబ్దంగా ఉన్నాయి. నాకు ఆ నిశ్శబ్దం భరించడం చాతకాలేదు. దిగి, ఆయన మొహం చూడకుండా లోపలికి వచ్చేశాను. అప్పట్నుంచీ ఇదే తంతు.

సాయంత్రం టీ పెట్టాను. ఆయన గ్లాసు ఆయన పక్కన ఠంగున పెట్టి, ఇంకో గ్లాసులో అంచుదాకా పోసుకుని బండి దగ్గరికెళ్ళాను. చెప్పులు కింద వదిలి ఎక్కాను. గ్లాసు డ్యాష్‌బోర్డు మీద పెట్టి స్టార్ట్ చేశాను. టీ మీద గీతలు గుండ్రంగా, చక్కగా, కదలకుండా నిలబడ్డాయి. ఎవరైనా చూస్తే ఈ ఇంజనుకేం రోగం అంటారు. చూడలేకపోయాను. మూత తీసి, బాబాయ్ నేర్పినట్టే స్క్రూ వెనక్కి తిప్పాను. గొంతు దిగింది. ఇంకా దిగింది. వణుకు మొదలైంది. తలుపులు, అద్దాలు, సీటు, నా ఒళ్ళు. టీ ఒక పక్కకి ఎగిరెగిరి పడుతోంది.

చెబుతోంది. మూడోది తన బాధేదో చెబుతోంది. ఎంతసేపు కూర్చుంటే మాత్రం నాకేం తెలుస్తుంది? నాజిలు కాదని తెలుసు. ఆ తర్వాతది నాకు తెలియదు. నాకే కాదు, ఇక ఈ దీవిలో ఎవరికీ తెలియదు.

"ఏం చెయ్యను బాబాయ్" అన్నాను పైకే.

తలుపు దగ్గర అలికిడైంది. మా ఆయన వచ్చి నిలబడ్డాడు, చేతిలో తన టీ గ్లాసుతో. రేపు తెల్లారగానే ఐసు ఎక్కించాలి. మళ్ళీ ఆ ర్యాంపు ఎక్కాలి, వెనక ఎవరుంటారో ఏ జీపులో ఎవరుంటారో.

"నువ్వొద్దు. నేనే పెంచుతాను" అన్నాను.

స్క్రూ తిప్పాను. ఎంత తిప్పాలో నాకు తెలుసు. ఇంజను గొంతు లేచింది, అద్దాలు ఊరుకున్నాయి, టీ మీద గీతలు మళ్ళీ కుదురుకున్నాయి. ఇంజను ఆపేసి గ్లాసు చేతిలోకి తీసుకున్నాను. టీ వణుకుతోంది. మా ఆయన చూపు దాని మీదే ఉంది. గబుక్కున గ్లాసెత్తి, నాలుక కాలుతున్నా ఆపకుండా తాగేశాను.